ఇరవై మూడు పద్దులు

మా అమ్మ కాశీబుగ్గలోని ఒక జీడి పరిశ్రమలో పప్పు మీది పొట్టు తీస్తుంది. బోర్మా అనే వేడి గదిలో ఆరిన పప్పును పళ్లెంలో పోసుకుని, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, చాకు మొనతో ఆ ఎర్రని పొర ఊడదీయాలి. కాస్త గట్టిగా నొక్కితే గుండు బద్దలవుతుంది. బద్దకు ధర తక్కువ. రోజుకు రెండుసార్లు తూకం, కిలోల లెక్కన కూలి, శనివారం చెల్లింపు. తూకం అంతా పొడుగాటి నోటుపుస్తకంలో రాసేవారు.

ఒక శనివారం అమ్మ కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "నేను తీసింది 4.8. పుస్తకంలో 4.3 అని చదివారు. అది ఎనిమిదే అంటే వినలేదు" అంది. అరకిలో కూలి పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఆ అరకిలో కోసం ఆమె వేళ్లు ఎంతసేపు ఆడాయో నాకు తెలుసు. ఆ రాత్రే అనుకున్నాను, ఈ లెక్క ఫోనులోకి ఎక్కించాలని.

అప్పటికి నేను కంప్యూటర్స్‌తో డిగ్రీ పూర్తి చేసి, ఫోను యాప్‌లు రాసే కోట్లిన్ భాష నేర్చుకుంటున్నాను. పరిశ్రమ యజమానిని అడిగితే, నెలపాటు పుస్తకమూ యాపూ రెండూ నడిపి, సరిపోతే పుస్తకం మానేద్దామన్నారు. న్యాయమైన మాటే.

మొదట తేల్చుకోవలసింది లెక్క ఎక్కడ ఉండాలన్నది. అంతా ఇంటర్నెట్‌లోని సర్వరులో పెట్టమని స్నేహితులు చెప్పారు. నాకు మనసొప్పలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోనులో సిగ్నలు లేదు. అలాంటి రోజులు చూసినవాళ్లెవరూ కూలి లెక్కను సిగ్నలుకు కట్టేసి ఉంచరు. మామూలు రోజుల్లోనూ ఆ రేకుల షెడ్డులో ఫోను ఒక మూల పలుకుతుంది, ఇంకో మూల పలకదు. అందుకే అసలు లెక్క ఫోనులోనే ఉండాలని, సర్వరుకు దాని నకలు మాత్రమే వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

ఫోనులో డేటాబేస్ అంటే ఎస్‌క్యూలైట్. డి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌కు వేరే సర్వరు అక్కర్లేదు, లైసెన్సు రుసుము లేదు. పట్టికలన్నీ ఒకే ఫైలులో ఇమిడిపోతాయి. ఆండ్రాయిడ్‌లో ముందే ఉంటుంది. దాని మీద గూగుల్ తెచ్చిన రూమ్ అనే లైబ్రరీ, అంటే ముందే రాసి పెట్టిన కోడు, వాడాను. పని తొందరగానే నడిచింది. ఆలస్యమంతా పట్టికల రూపం దగ్గరే జరిగింది.

కూలి రేటును మొదట వేరే పట్టికలో పెట్టి, తూకం పద్దు నుంచి దాన్ని చూసుకునేలా చేశాను. పరీక్ష కోసం రేటు మార్చి చూస్తే, కిందటి వారం చెల్లించేసిన కూలి కూడా మారిపోయింది. పద్దు రాసిన రోజు రేటు ఆ పద్దులోనే ఉండాలని అప్పుడు అర్థమైంది. బరువు కూడా అంతే జాగ్రత్త కోరుతుంది. 4.35ను దశాంశ సంఖ్యగా ఉంచి 100తో గుణిస్తే కంప్యూటర్‌కు వచ్చేది 435 కాదు, 434.99999999999994. దశాంశం తర్వాతి భాగం కొట్టేస్తే 434 మిగులుతుంది. అంటే పది గ్రాములు పోయినట్టే. అమ్మ అరకిలో కోసం మొదలుపెట్టిన పనిలో నేనే పది గ్రాములు మింగితే ఎలా? బరువులన్నీ గ్రాముల్లో, డబ్బంతా పైసల్లో, పూర్ణసంఖ్యలుగా మార్చేశాను.

పేర్ల సంగతి మన భాషలో పనిచేస్తేనే ఎదురవుతుంది. షెడ్డులో 41 మంది ఉంటే, లక్ష్మి అన్న పేరు ఆరుగురికి ఉంది. రాజ్‌కుమారి అని రాసినప్పుడు 'కు' కింద ఒత్తుగా చేరకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడుతుంది. వెతికేటప్పుడు ఆ గుర్తు లేకుండా టైపు చేస్తే డేటాబేస్‌కు అది వేరే పేరు. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే యాప్ అలాంటి మనిషే లేదంటుంది. వెతకడానికి మాత్రమే ఇంకో కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తులు తీసేసిన పేరు దాచాను. ప్రతి ఒక్కరికీ టోకెన్ నంబరు కూడా ఇచ్చాం.

నెల గడిచింది. రెండు లెక్కలూ సరిపోయాయి. పుస్తకం మానేశారు.

మూడో నెలలో గుండు, బద్ద విడివిడిగా చూపమన్నారు. ఒక కాలమ్ చేర్చి, వెర్షన్ సంఖ్య 1 నుంచి 2కు మార్చి, ఉదయం తొమ్మిదింటికి షెడ్డులోని ఫోనులో కొత్త యాప్ ఎక్కించాను. తెరిస్తే జాబితా ఖాళీగా ఉంది. ఒక్క పేరు లేదు, ఒక్క పద్దు లేదు. ఫోను పట్టుకున్న నా చేయి చల్లబడిపోయింది.

నేర్చుకునే రోజుల్లో ఏదో పాఠంలో చూసి 'ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్' అనే వరుస ఒకటి నా కోడులో పెట్టాను. పట్టిక రూపం మారినప్పుడు పాత రూపం నుంచి కొత్త రూపానికి దారి రాసి ఉండకపోతే, పాత పట్టికలు తీసేసి కొత్తవి సృష్టించమని దాని అర్థం. రూమ్ నేను చెప్పిన పనే చేసింది.

రోజూ సాయంత్రం డేటాబేస్ ఫైలు నకలు తీసి పెట్టే ఏర్పాటు ఉంది కదా అని ధైర్యం చెప్పుకుని దాన్ని తెరిచాను. అన్నీ వచ్చాయి, ముందు రోజు సాయంత్రం తూకంలోని చివరి 23 పద్దులు తప్ప. కారణం తెలుసుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. ఎస్‌క్యూలైట్‌లో వాల్ అనే పద్ధతి ఉంది. కొత్త పద్దులు ముందుగా '-వాల్' అని చివర ఉండే పక్క ఫైలులో చేరతాయి, కొన్ని పోగయ్యాక ప్రధాన ఫైలులో కలుస్తాయి. చాలా ఫోన్లలో రూమ్ ఈ పద్ధతినే వాడుతుంది. నేను ప్రధాన ఫైలును మాత్రమే నకలు తీశాను. ఆ 23 పద్దులు పక్క ఫైలులో ఉండిపోయాయి.

జాబితా ఖాళీగా కనిపించిన ఉదయమే షెడ్డులో అందరి ముందూ నిలబడి జరిగింది చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గోడవారన కూర్చున్న ఒక పెద్దావిడ చేతిలోని చాకు పళ్లెంలో పెట్టి, "నాది రెండు కిలోల నూట అరవై. రాసుకో తల్లీ" అంది. ఆ పక్కావిడ తనది చెప్పింది. ఒకరి తర్వాత ఒకరుగా 23 మందీ తమ తూకాలు చెప్పారు, ఎవరూ తడుముకోలేదు. అన్నీ కూడి, గ్రేడింగు గదిలో గోడకు వేలాడే కాగితంలోని మొత్తంతో పోల్చాం. తేడా నలభై గ్రాములు. వాళ్ల జ్ఞాపకంలో ఉన్నంత భద్రంగా నా డేటాబేస్‌లో లెక్క లేకపోయింది.

ఆ వారమంతా యాప్‌ను తిరిగి రాశాను. ఆ వరుస తీసేసి, 1 నుంచి 2కు మైగ్రేషన్ చేతితో రాశాను. నకలు తీసే ముందు పక్క ఫైలులోని పద్దులన్నీ ప్రధాన ఫైలులో కలిసేలా చెక్‌పాయింట్ చేయిస్తున్నాను. చెరిపే బొత్తాం తీసేశాను. తప్పు పడితే పాత పద్దు అలాగే ఉంటుంది, దాని కింద దిద్దుబాటు పద్దు పడుతుంది, మన చిట్టా పుస్తకాల్లో లాగే. తర్వాత రెండో ఫోను వచ్చినప్పుడు రెండింటిలోనూ పద్దుల సంఖ్యలు 1 నుంచే మొదలై ఢీకొనకుండా, ప్రతి పద్దుకూ యూయూఐడీ, అంటే ఇంకో పద్దుతో కలవని పొడుగాటి గుర్తింపు సంఖ్య, ఇచ్చాను. సిగ్నలు దొరికినప్పుడు, వెనక పనులు నడిపే వర్క్‌మేనేజర్ అనే లైబ్రరీ వాటిని సర్వరుకు పంపుతుంది.

అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకునే మార్పు డేటాబేస్‌లో లేదు. తూకం రాయగానే ఫోను తెర మనిషి వైపు తిరగాలి. పెద్ద అంకెల్లో ఆమె బరువు, ఆనాటి రేటు, కూలి కనిపిస్తాయి. ఆమె సరేనని నొక్కితేనే పద్దు చేరుతుంది. ఒడియా చదివేవాళ్ల కోసం ఆ తెరను ఒడియాలోనూ తయారు చేస్తున్నాను. వెర్షన్ సంఖ్య ఇప్పుడు 7. ఆనాటి 23 పద్దులు తిరిగి చేర్చిన వెర్షన్ 1 ఫైలును దాచుకున్నాను. ఏ కొత్త వెర్షన్ అయినా ముందు ఆ ఫైలు మీదే నడుపుతాను. ఆ సాయంత్రం పద్దులు లెక్కపెట్టి, అమ్మ టోకెన్ నంబరు వెతికి, ఆమె బరువు గ్రాములతో సహా వచ్చిందని చూశాకే షెడ్డులోని ఫోనులో ఎక్కిస్తాను.