వేగం తగ్గిన 125లో ఇన్వర్‌నెస్ దాకా

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్లో ఇంటర్‌సిటీ 125 రైలు వచ్చి ఆగగానే నా చెయ్యి అలవాటుగా తలుపు మీద ఇనప పిడి కోసం వెతికింది. పిడి లేదు. దాని బదులు వెలుగుతున్న బటన్ ఉంది.

"నొక్కు మామయ్యా, వెనక జనం ఆగిపోయారు," అంది మా మేనకోడలు.

నొక్కాను. తలుపు పక్కకి జరిగిపోయింది. అంతే, ఎక్కేశాం. కానీ నాకు సీట్లో కూర్చున్నాక కూడా ఆ తలుపు గురించే ఆలోచన.

అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 2004లో, లండన్ పాడింగ్టన్ నుంచి ఇదే జాతి రైలెక్కి బాత్ వెళ్ళాను. దిగాల్సిన స్టేషన్ వచ్చింది, రైలు ఆగింది, తలుపుకి లోపలివైపు తీసే పిడి కనబడదు. చేతిలో పెట్టె, గుండెల్లో టెన్షన్. వెనక నిలబడ్డ పెద్దాయన నన్ను మెల్లగా పక్కకి జరిపి, తలుపు మీది కిటికీ అద్దం కిందికి దించాడు. భుజం దాకా చెయ్యి బయటికి పెట్టి, బయటి పిడి తిప్పి, తలుపు తోశాడు. రైలు నడుస్తుండగా తెరుచుకోకుండా గార్డు చేతిలో తాళం ఉంటుంది లెండి. అయినా గంటకు 125 మైళ్ళు, అంటే దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే రైలు తలుపు తీయడానికి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాలా అని ఆ రోజంతా నవ్వుకున్నాను.

2024 జూన్లో మేనకోడలి దగ్గరికి వెళ్ళినప్పుడు తను లాక్ నెస్ చూద్దామంది. నేను సరేనన్నాను కానీ, నాకు కావలసింది సరస్సు కాదు, అక్కడికి తీసుకెళ్ళే రైలు. ఆ సంగతి తనకి ఎక్కే ముందు దాకా చెప్పలేదు.

ఈ రైలు పేరు ఇంటర్‌సిటీ 125. రైల్వేవాళ్ళు హెచ్‌ఎస్‌టీ, అంటే హై స్పీడ్ ట్రెయిన్ అంటారు. 1976లో లండన్ నుంచి బ్రిస్టల్, సౌత్ వేల్స్ వైపు మొదలైంది. అసలు అప్పటి ప్రభుత్వ రైల్వే బ్రిటిష్ రైల్ ఆశలన్నీ మలుపుల్లో పక్కకి ఒరిగే ఏపీటీ అనే ఇంకో రైలు మీద ఉండేవి. అది ఆలస్యమవుతోందని, ఈలోపు పని నడవడానికి దీన్ని తయారుచేశారు. ఏపీటీ మ్యూజియానికి వెళ్ళిపోయింది, ఈలోపు పనికని చేసింది ఇంకా తిరుగుతోంది. జపాన్, ఫ్రాన్స్ వేగం కోసం కొత్త పట్టాలు వేసుకుంటే, వీళ్ళు ఉన్న పట్టాల మీద, ఉన్న సిగ్నళ్ళ మధ్య దూరంలోనే ఆగగలిగేలా 125 మైళ్ళ రైలు చేశారు. 1987 నవంబరులో ఇది 148 మైళ్ళు దాటి డీజిల్ రైళ్ళలో రికార్డు కొట్టింది. ముందున్న ఆ కోసుగా వాలిన పసుపు ముక్కు డిజైనర్ కెనెత్ గ్రాంజ్ గీసింది. ఆయన మా ప్రయాణం అయిన మరుసటి నెలలోనే పోయారు.

లండన్ నుంచి వెళ్ళే లైన్లకి కొత్త రైళ్ళు రావడంతో వీటికి అక్కడ పని లేకుండా పోయింది. స్కాట్లండ్‌లో రైళ్ళు నడిపే స్కాట్‌రైల్ వీటిలో 26 రైళ్ళు తీసుకుని, బాగుచేయించి, 2018 అక్టోబరు నుంచి తమ ఏడు నగరాల మధ్య నడపడం మొదలుపెట్టింది: గ్లాస్గో, ఎడిన్‌బరో, స్టిర్లింగ్, పర్త్, డండీ, ఆబర్డీన్, ఇన్వర్‌నెస్. అందుకే పక్కన ఇంటర్7సిటీ అని రాసి ఉంటుంది. అంతకుముందు ఈ దారుల్లో ఎక్కువగా మూడు బోగీల డీజిల్ రైళ్ళు తిరిగేవి. ఇప్పుడు వాటికంటే పొడుగు చేశారు: 17 రైళ్ళకి ఐదేసి, 9 రైళ్ళకి నాలుగేసి అన్నది ప్లాన్. ముందు నాలుగు బోగీలతో తిప్పి, ఐదోది తర్వాత తగిలించారు.

ఇదంతా ఫోర్త్ వంతెన దాటుతూ చెబుతున్నాను. 1890 నాటి ఎర్రటి ఉక్కు దూలాలు కిటికీ ముందు నుంచి ఒక్కోటీ వెనక్కి పోతుంటే, కింద ఎక్కడో నీళ్ళు. మా మేనకోడలు ఫోన్ పక్కన పెట్టి అడిగింది:

"లండన్లో ఎన్ని బోగీలుండేవి?"

"ఏడో ఎనిమిదో."

"మరి ఇక్కడ నాలుగు, ఐదు. పొడుగు చేశారంటావేంటి? పొట్టి చేశారు కదా!"

ఇక్కడి ప్రయాణికుడికి పొడుగైంది, రైలు మాత్రం పొట్టిదైంది. దీంట్లో నాకు నచ్చే సంగతి ఒకటుంది. రెండు చివర్లా ఒక్కో పవర్ కార్, అంటే ఇంజన్ పెట్టె, ఒక్కోదానికి 2,250 హార్స్ పవర్. అంత బలం ఎనిమిది బోగీల్ని 125 మైళ్ళతో లాగడానికి పెట్టింది. ఇక్కడ బోగీలు సగం, దారిలో వేగం 100 మైళ్ళు దాటదు, కొండల్లో అంతకంటే తక్కువ. మరి ఆ బలమంతా దేనికి? ఆగిన చోటు నుంచి మళ్ళీ అందుకోవడానికి, ఎత్తు ఎక్కడానికి. స్టేషన్ స్టేషన్‌కీ ఆగే రైలుకి కావలసింది అదే.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఒక్కో పవర్ కార్ పొడవు దాదాపు 18 మీటర్లు, దాంట్లో ప్రయాణికులకి చోటే లేదు. ఐదు బోగీలు 115 మీటర్లు, పవర్ కార్లు కలిపితే 150. అంటే ప్రతి స్టేషన్లో 35 మీటర్లు ఒక్క సీటు కూడా లేని ఇనుముకి పోతుంది. ఊరి స్టేషన్లు చిన్నవి. ఒంటి పట్టాల లైన్లో ఎదురు రైలు కోసం పక్కన ఆగే లూపుకీ ఒక హద్దు ఉంటుంది. రైలు పెంచాలంటే ముందు నేలని పెంచాలి. పిట్లాక్రీ, అవీమోర్ స్టేషన్లలో ప్లాట్‌ఫారాలు పొడిగించి, 2019లో ఆ పని ముగించారు. పిట్లాక్రీలో ఆగినప్పుడు కిటికీలోంచి వెతికాను. పాత రాతి అంచు ఒకచోట ఆగిపోయి అక్కడి నుంచి తెల్లటి కొత్త కాంక్రీటు మొదలైనట్టు నాకైతే కనిపించింది. మేనకోడలు మాత్రం పూలకుండీల ఫొటో తీసుకుంది.

ఇంకో బోగీ తెచ్చి తగిలించడం కూడా మనం అనుకున్నంత తేలిక కాదు. ఈ బోగీలని మార్క్ 3 అంటారు. బ్రిటన్లో ఇంజన్ లాగే మామూలు మార్క్ 3లు కూడా ఉన్నాయి, చూడ్డానికి అవీ ఇవీ అన్నదమ్ములే. కానీ హెచ్‌ఎస్‌టీ బోగీలకి లైట్లు, ఏసీ నడిపే కరెంటు పవర్ కార్ నుంచి త్రీ ఫేజ్‌లో వస్తుంది, చివర్లో బఫర్లు, అంటే పెట్టెల మధ్య అదురు ఆపే గుండ్రటి దిమ్మలు, ఉండవు. రెండో రకానికి కరెంటు పద్ధతే వేరు, బఫర్లుంటాయి. వైరింగ్ మార్చకుండా ఒకదాని పక్కన ఒకటి పెడితే బోగీ చీకట్లో ఉండిపోతుంది.

ఇంజన్ల సంగతి అంత కష్టం కాలేదు. మొదట్లో ఉన్న వాలెంటా ఇంజన్లు కూతపెట్టినట్టు అరిచేవి, పొగ బాగా కక్కేవి. వాటిని 2000ల్లోనే తీసేసి జర్మనీ ఎంటీయూ ఇంజన్లు పెట్టారు. అసలు తలనొప్పి తలుపులతోనే వచ్చింది. 2020 నుంచి వికలాంగులకి అనువుగా లేని రైళ్ళు నడపకూడదని రూల్. కిటికీలోంచి చెయ్యి పెట్టి తీసే తలుపులు ఇక కుదరవు. మరుగుదొడ్డి పట్టాల మీద వదలడమూ కుదరదు, కింద ట్యాంకు పెట్టాలి. మార్క్ 3 అంటే అతుకుల చట్రం కాదు, 23 మీటర్ల ఉక్కు డొల్ల మొత్తం కలిసి బరువు మోస్తుంది. సరిగ్గా ఆ డొల్ల మూలల్లో కోసి, మోటారు తలుపు జరగడానికి చోటు చెయ్యాలి. ఈ పని జరిగిన డాంకాస్టర్లో రేకు విప్పి చూస్తే చాలా బోగీల్లో అనుకున్నదానికంటే ఎక్కువ తుప్పు బయటపడింది. నలభై ఏళ్ళ ఇల్లు రిపేరు పెట్టుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పని ఆలస్యమై, కొన్నాళ్ళు పాత తలుపుల రైళ్ళనే అలాగే తిప్పారు.

పిట్లాక్రీ దాటాక కిల్లీక్రాంకీ లోయ, బ్లెయిర్ ఆథల్, ఆ తర్వాత చెట్లు పల్చబడి ఎక్కుడు మొదలైంది. 70 అడుగులకి ఒక అడుగు లేస్తుంది ఇక్కడ దారి. వెనక పవర్ కార్ హోరు సీటు కింద నుంచి తెలుస్తోంది గానీ వేగం పెద్దగా తగ్గలేదు. ఈ డ్రమాక్టర్ కనుమ 1,484 అడుగుల ఎత్తు. బ్రిటన్ మెయిన్ లైన్లలో ఇంతకంటే పైకి వెళ్ళే పట్టా లేదు. ఇక్కడి రెండు కొండల్లో ఒకదాని పేరు బేడెనాక్ మగపంది, ఇంకోదాని పేరు ఆథల్ ఆడపంది. నేను చూపించింది ఏ పందో నాకే సందేహం. జూన్ నెలలో కూడా చలిగా, ఎవరూ లేనట్టుగా ఉంది బయట.

ఆ నిశ్శబ్దంలో తను ఫోన్లో చదివింది బయటపెట్టింది. "మామయ్యా, ఆబర్డీన్ దగ్గర పడిపోయింది ఈ రైలేనా?"

ఈ రకమే. 2020 ఆగస్టు 12 పొద్దున, విపరీతమైన వాన. ఆబర్డీన్ నుంచి గ్లాస్గో బయల్దేరిన నాలుగు బోగీల రైలు, ముందు దారి మూసుకుపోయిందని కార్మాంట్ దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది. కట్ట మీది నుంచి పట్టాల మీదికి కొట్టుకొచ్చిన కంకర ఎక్కి పడిపోయింది. రైల్లో ఉన్నది తొమ్మిదిమంది. డ్రైవరు, కండక్టరు, ఒక ప్రయాణికుడు చనిపోయారు. తప్పు రైలుది కాదు. వాన నీటి కాలువ డిజైన్లో గీసినట్టు కట్టలేదని దర్యాప్తులో తేలింది. 2023లో పట్టాలు చూసుకునే సంస్థ నెట్‌వర్క్ రైల్‌కి 67 లక్షల పౌండ్ల జరిమానా పడింది. కానీ దర్యాప్తువాళ్ళు ఇంకో మాట కూడా లేవనెత్తారు. ఇప్పటి ప్రమాణాలతో కట్టిన రైలైతే దెబ్బలు తక్కువ తగిలి ఉండేవా అని. డ్రైవర్ల యూనియన్ అయితే వీటిని తీసెయ్యమని సూటిగానే అడుగుతోంది.

తనకి ఏం చెప్పాలో తోచలేదు. సీటు కొత్తది, ప్లగ్ పాయింట్ కొత్తది, తలుపు కొత్తది. వీటన్నిటినీ మోస్తున్న డొల్ల మాత్రం 1970లది. ముందు కూర్చునే డ్రైవరు చుట్టూ ఉన్న క్యాబ్ కూడా అప్పటిదే. అందం, ఊగకుండా సాగే నడక చూసి ముచ్చటపడే నాలాంటివాడు ఆ చోటులో కూర్చోడు. నాకీ రైలంటే ఇష్టం. అయినా ఆ యూనియన్ అడిగింది న్యాయమే అనిపిస్తుంది.

"అయితే ఎందుకెక్కించావు?" అంది.

"నువ్వు లాక్ నెస్ చూడాలన్నావు కదమ్మా."

నవ్వలేదు. డాల్‌విన్నీ దగ్గర తెల్లటి విస్కీ బట్టీ వచ్చింది, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. అవీమోర్‌లో సగం బోగీ ఖాళీ అయింది. స్లాక్ దగ్గర ఇంకోసారి ఎక్కుడు, తర్వాత అంతా దిగుడే. 29 కమానుల కల్లోడెన్ వంతెన మీద రైలు వంపు తిరిగితే మా పసుపు ముక్కు ఒక్క క్షణం కనిపిస్తుందేమోనని చెంప అద్దానికి ఆనించాను. కనిపించలేదు.

ఇన్వర్‌నెస్‌లో ఈ రైలు దారి అయిపోతుంది. దిగి ముందు పవర్ కార్ దాకా నడిచాం. జాలీల్లోంచి వేడి గాలి మొహానికి కొట్టింది, డీజిల్ వాసన. మేనకోడలు క్యాబ్ అద్దం వైపు చూస్తూ నిలబడింది. చిన్న తలుపు తెరిచి డ్రైవరు దిగాడు. ఇటు తిరిగి వెళ్ళడానికి ఇంజన్ మార్చక్కర్లేదు, అవతలి చివర ఇంకోటి ఉంది కదా. మాకు తలూపి, సంచి భుజానికి తగిలించుకుని, రైలు పొడవునా అవతలి క్యాబ్ వైపు నడుచుకుంటూ వెళ్ళాడు. చాలా దూరమే. బోగీలన్నీ దాటి, చిన్నగా కనిపించేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.