ఆక్లాండ్ ఎయిర్‌పోర్టు పక్కనే పాత మావోరీ పొలాలు

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వెళ్లినవాళ్లు ఎక్కువగా స్కై టవర్ ఎక్కుతారు, లేదంటే ఫెర్రీ పట్టుకుని వైహేకే దీవికి పోతారు. నాకు మాత్రం ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరంలో, ఇహుమాటావోలో ఉన్న ఓటువాటౌవా స్టోన్‌ఫీల్డ్స్. మానుకావు హార్బర్ ఒడ్డున సుమారు 100 హెక్టార్ల రిజర్వ్ ఇది, 2001లో తెరిచారు. టికెట్టూ లేదు, క్యూ కూడా లేదు.

పాపటోయిటోయ్‌లో ఉండే మా బావ కార్లో తీసుకెళ్లాడు. గేటు దాటితే పచ్చగడ్డి, గడ్డిలో నల్లరాళ్లు, అంతే. "దీనికోసమేనా ఆదివారం పూట నన్ను లేపావు?" అన్నాడు.

నిజమే, ఊరికే నడిచి వెళ్లిపోతే ఏమీ కనపడదు. ఒకచోట ఆగి చూస్తే ఆ రాళ్లు ఎలాపడితే అలా పడి ఉన్నవి కావని తెలుస్తుంది. మన అనంతపురం వైపు చేలో రాళ్లు ఏరి గట్టు మీద కుప్పేస్తారు కదా, అలా ఎవరో పనిగట్టుకుని పేర్చినవే. కాకపోతే ఇక్కడి మావోరీ రైతులు (న్యూజిలాండ్ మూలవాసులు) రాళ్లను అడ్డు తొలగించడంతో ఆగలేదు, వాటితోనే వ్యవసాయం చేశారు. వాళ్ల పూర్వీకులు పసిఫిక్ దీవుల నుంచి పడవల్లో తెచ్చుకున్న కూమరా (మన చిలగడదుంపే), చామ, పెండలం అన్నీ వేడిదేశపు పంటలు, ఇక్కడి చలికి తట్టుకోలేవు. ఈ అగ్నిపర్వతపు నల్లరాయి పగలంతా ఎండ పీల్చుకుని రాత్రి ఆ వెచ్చదనాన్ని మట్టికి వదులుతుంది, అడుగున తేమ ఆరకుండా కాపాడుతుంది, పైగా రాళ్ల వరసలు సముద్రపు గాలిని ఆపుతాయి. ఈ కిటుకుతో వందల ఏళ్లు ఇక్కడ దుంపలు పండించారు. నేను ఒక కుప్ప పక్కన కూర్చుని రాయి మీద చెయ్యి పెట్టాను, గాలి చల్లగా కొడుతున్నా రాయి వెచ్చగానే ఉంది. దాని మొదట్లో మట్టి కాస్త కొట్టుకుపోయిన చోట తెల్లటి గవ్వ పెంకుల ముక్కలు బయటపడి ఉన్నాయి, ఎప్పుడో ఎవరో తిని పారేసినవే అయ్యుండాలి. బావ కూడా వంగి చూశాడు, ఆ తర్వాత నిద్ర గురించి మాట్లాడలేదు.

అక్కడక్కడా నడుమెత్తు గోడలు కనిపిస్తాయి. అవి తర్వాత వచ్చిన యూరోపియన్ రైతులు సున్నం లేకుండా పేర్చినవి. రెండింటికీ తేడా తెలిసేలా బోర్డులు ఇంకాస్త పెట్టి ఉంటే బాగుండేది. ఓటువాటౌవా అనే అగ్నిపర్వతాన్ని చాలావరకు క్వారీ చేసేశారు కాబట్టి దాన్ని చూసి కొండ అనుకోవడం కష్టం. పక్కనున్న పుకేయిటి అనే మరో అగ్నిపర్వతం చాలా చిన్నది, ఎక్కడానికి ఆయాసం కూడా రాదు.

కిందికి దిగితే తీరం. ఇసుక బీచ్ ఊహించుకోవద్దు. మడచెట్లు, ఆటు సమయంలో మైళ్లకొద్దీ బురద, ఆ బురదలో పొడుగు ముక్కుల పక్షులు, నెత్తిమీద దిగుతున్న విమానాలు. 1960ల నుంచి నలభై ఏళ్లపాటు ఇక్కడికి దగ్గర్లోనే హార్బర్‌లో నగరం మురుగునీటి చెరువులు ఉండేవి, వాటిని తీసేసి తీరాన్ని బాగుచేశారు. ఇప్పుడు ఏ వాసనా లేదు.

ఈ నేల కథలో అసలు బాధ వేరే ఉంది. 1863లో, దక్షిణాన ఉన్న మావోరీల ప్రాంతం వైకాటో మీద బ్రిటిష్ సేనల దండయాత్రకు ముందు, బ్రిటిష్ రాణికి విధేయత ప్రమాణం చెయ్యండి, లేదా ఖాళీ చెయ్యండి అని ఇక్కడి మావోరీలకు హుకుం వచ్చింది. తర్వాత భూములు జప్తు చేసి వలస వచ్చినవాళ్లకు ఇచ్చారు. రిజర్వ్‌ను ఆనుకుని ఉన్న అలాంటి ఒక పొలాన్ని 2016లో ఒక పెద్ద నిర్మాణ సంస్థ కొని 480 ఇళ్లు కడతానంది. అక్కడి యువత గుడారాలు వేసుకుని కూర్చున్నారు, 2019 జూలైలో పోలీసులు ఖాళీ చేయించడానికి వస్తే వేలమంది వచ్చి నిలబడ్డారు. చివరికి 2020 డిసెంబర్‌లో ప్రభుత్వమే 2.99 కోట్ల న్యూజిలాండ్ డాలర్లకు ఆ నేలను కొంది. మన రాజధాని భూముల గొడవలు చూసినవాళ్లకి ఇది వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

వెళ్లేవాళ్లకి ఒక మాట: గట్టి బూట్లు వేసుకోండి, గడ్డిలో రాళ్లు కాళ్లకి తగులుతాయి. దయచేసి కుప్పల మీదకి ఎక్కకండి, ఒక్క రాయి కూడా కదపకండి. ఫ్లైట్‌కి మూడు నాలుగు గంటల టైముంటే టెన్షన్ లేకుండా చూసి రావచ్చు.