పదకొండు వారాల ఫైలు

వరద సహాయ శిబిరంలో బాలల రక్షణ కేస్ వర్కర్‌గా నేను తెరిచిన మొదటి ఫైలు ఇద్దరు తోబుట్టువులది. అన్నకు సుమారు 8 ఏళ్లు, చెల్లెలికి సుమారు 4 ఏళ్లు అని రాశాను. ఆ ఫైలు మూయడానికి పదకొండు వారాలు పట్టింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడవచ్చునని, ఎక్కడ తప్పు చేశానో కూడా దాచకుండా రాస్తున్నాను. పిల్లల పేర్లు, ఊరు, శిబిరం పేరు ఎక్కడా రాయను. ఆ ఫైలు అట్ట మీద కూడా కోడ్ నంబరు తప్ప పేరు ఉండేది కాదు.

నాకు దొరికిన శిక్షణ ఐదు రోజులు. అందులో ఎక్కువ సమయం మాటల అర్థాల మీదే గడిచింది. అది కాలయాపన అని అప్పట్లో అనుకున్నాను గాని, కాదని తరువాత తెలిసింది. అమ్మానాన్నలే కాక, పెంచే బాధ్యత ఉన్న పెద్దలెవరూ వెంట లేని పిల్లలను ‘ఒంటరి పిల్లలు’ అనాలి. తల్లిదండ్రులకు దూరమైనా మేనత్తతోనో తాతతోనో ఉన్నవారిని ‘విడిపోయిన పిల్లలు’ అనాలి. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ, యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తదితరులు కలిసి 2004లో వెలువరించిన మార్గదర్శక సూత్రాలలో ఈ విభజన ఉంది. ‘అనాథ’ అన్న మాట మాత్రం రూఢి అయ్యేవరకు నోటితోనైనా అనకూడదని, కాగితం మీద అసలే పెట్టకూడదని మా సూపర్‌వైజర్ గట్టిగా చెప్పారు. ఒకసారి ఆ మాట రాస్తే ఆ బిడ్డ కుటుంబం కోసం వెతకడం ఎవరికీ గుర్తుండదని ఆవిడ అనేవారు.

నా పిల్లలిద్దరూ ఒంటరి పిల్లలే. ప్రవాహం నుంచి తప్పించుకునే హడావుడిలో తల్లి చెయ్యి జారిపోయిందని, తమ దారినే వస్తున్న ఒక పెద్దావిడ వారిని వెంటబెట్టుకుని శిబిరానికి తెచ్చి తన గుడారంలోనే ఉంచుకుందని తెలిసింది. ఇక్కడే నా మొదటి తప్పు జరిగింది. ఫారంలో ఖాళీలు మిగలకూడదన్న పట్టుదలతో, నీళ్లు వచ్చిన రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమని ఆ అబ్బాయిని అడిగాను. చెప్పాడు. ఆ తరువాత రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. విచారిస్తే, నాకంటే ముందే వైద్య శిబిరంలో ఒకరు, ఆహార పంపిణీ దగ్గర మరొకరు అదే కథ చెప్పించారని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స కరదీపికలో జరిగినదాన్ని బలవంతంగా చెప్పించకూడదని స్పష్టంగా ఉంది. శిక్షణలో ఆ వాక్యం కింద నేనే గీత గీసుకున్నాను కూడా. కుటుంబాన్ని వెతకడానికి ఆ రాత్రి వివరాలేవీ అక్కర్లేదు, అంతకు ముందు జీవితం తెలిస్తే చాలు. ఆ సంగతి తెలిసి కూడా అడిగినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మూడో రోజు కాగితం, రంగు పెన్సిళ్లు తీసుకువెళ్లి, ఇంటి గుమ్మంలో నిలబడితే ఏం కనిపిస్తుందో గీయమన్నాను. నీళ్ల ట్యాంకు, దానికి ఆనుకుని బడి గోడ, గోడ పక్కన వరుసగా మూడు చెట్లు గీశాడు. అమ్మ పేరు అడిగితే ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పాడు. అసలు పేరు తెలియదు. చిన్న పిల్లల విషయంలో ఇది చాలా మామూలు. గీయడం అయ్యాక నా ఫారం వంక చూసి, “అక్కా, అది ఎనిమిది కాదు” అన్నాడు. ఎంతని అడిగితే భుజాలు ఎగరేశాడు. నేను ‘సుమారు’ అన్న మాటను అలాగే ఉంచేశాను.

తరువాతి రెండు వారాల్లో నా మీద వచ్చిన ఒత్తిడి అంతా మంచి మనసున్న వారి నుంచే వచ్చింది. పిల్లలిద్దరి ఫోటోలు ఫోన్లలో అందరికీ పంపితే తల్లి త్వరగా దొరుకుతుందని ఒక స్వచ్ఛంద కార్యకర్త అన్నారు. ఫోటోతో పాటు పేరు, ఊరు బయటికి వెళితే, ఎవరైనా వచ్చి తామే బంధువులమని నమ్మించడానికి కావలసినదంతా మన చేతులతో ఇచ్చినట్లే అవుతుందని సూపర్‌వైజర్ వివరించాక ఆయన ఆగారు. పిల్లలు లేని ఒక జంట చిన్నపిల్లను పెంచుకుంటామని వచ్చారు. వారి కళ్లలో నీళ్లు చూస్తూ కాదని చెప్పడం నాకు చాలా కష్టమైంది. అయితే ఆపద సమయంలో దత్తత జరగకూడదని, కుటుంబం కోసం సాధారణంగా కనీసం రెండేళ్లైనా వెతకాలని ఆ 2004 సూత్రాలు చెబుతున్నాయి. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత, తగిన పత్రాలు లేకుండా 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయిన ఒక విదేశీ బృందాన్ని అక్కడి అధికారులు ఆపారు; అనాథలని చెప్పిన ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తరువాత తేలింది. ఆ సంగతి శిక్షణలో విన్నప్పుడు దూరంగా ఎక్కడో జరిగిన ఘటనలా అనిపించింది. ఆ జంట ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం దాన్నే పట్టుకుని నిలబడ్డాను.

పిల్లలను వసతి గృహానికి పంపాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. అక్కడ అన్నను మగపిల్లల విభాగంలోను, చెల్లెలిని వేరే చోటా ఉంచుతారు. తోబుట్టువులను విడదీయవద్దని, కుటుంబ వాతావరణానికే మొదటి స్థానం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2009 డిసెంబరులో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలను చూపి, ఆ పెద్దావిడనే తాత్కాలిక సంరక్షకురాలిగా నమోదు చేయించాం. ఆవిడ గురించి చుట్టుపక్కల గుడారాల వారిని విచారించాం, పిల్లలతో విడిగా మాట్లాడాం, వారానికి రెండుసార్లు వెళ్లి చూశాం. ఇంతకంటే ఎక్కువసార్లు వెళ్లవలసింది. కాని అప్పటికి నా చేతిలో నలభైకి పైగా ఫైళ్లు ఉన్నాయి. మానవతా సహాయంలో బాలల రక్షణకు 2012లో రూపొంది 2019లో సవరించిన కనీస ప్రమాణాలు ఒక కేస్ వర్కర్‌కు 25 మంది పిల్లలకు మించకూడదంటాయి. ఆ పరిమితి ఎందుకు పెట్టారో నాకు తెలిసింది, ఒక గురువారం వెళ్లలేకపోయి, చిన్నపిల్లకు మూడు రోజులుగా జ్వరమన్న సంగతి శనివారం విన్నప్పుడు.

నాలుగో వారంలో ఒకాయన వచ్చి తాను పిల్లల మేనమామనన్నారు. అబ్బాయి దూరం నుంచి చూసి నవ్వాడు. ఆ నవ్వు చాలదా అనిపించింది నాకు. చాలదన్నారు సూపర్‌వైజర్. ఆయనను ఒక చోట, అబ్బాయిని మరో చోట కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరికి తెలియకుండా అవే ప్రశ్నలు అడిగాం. దాదాపు అన్నీ కలిశాయి గాని, ఇల్లు కలవలేదు. ఆయన వంతెన దగ్గర అద్దె ఇల్లన్నారు, అబ్బాయి బొమ్మలో నీళ్ల ట్యాంకు ఉంది. ఆయనకు కోపం వచ్చింది. “నా మేనల్లుడు కాదని నువ్వెలా అంటావమ్మా?” అని గట్టిగా అరిచారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా నాలుగు రోజులు ఆగమన్నాం. వెతుకులాటలో మాకు తోడ్పడిన రెడ్‌క్రాస్ కార్యకర్తలు ఆ బడి ఉపాధ్యాయుడిని కలిసి, పిల్లల కుటుంబం కిందటేడు ఇల్లు మారిందని తెలుసుకుని మాకు చెప్పేవరకు చిక్కుముడి వీడలేదు. ఆయన నిజంగా మేనమామే. ఏడాదికి పైగా రాకపోకలు లేవు, అంతే.

బంధుత్వం తేలాక అబ్బాయిని అడిగాం. “మామయ్య మంచోడే. అమ్మ వచ్చేదాకా ఇక్కడే ఉంటాం” అన్నాడు. తనకు సంబంధించిన విషయాలలో బిడ్డ అభిప్రాయాన్ని వినాలని, దానికి వయసును, పరిణతిని బట్టి విలువ ఇవ్వాలని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. మేనమామ నొచ్చుకున్నా ఒప్పుకున్నారు. అంతకంటే పెద్ద మేలు ఆయన వల్లే జరిగింది. తల్లి అసలు పేరు, తండ్రి పేరు, ఆమె వయసు ఆయనే చెప్పారు. ఆ పేరుతో వెతికితే, గాయాలతో ఆసుపత్రిలో చేరి, అక్కడి నుంచి మరో శిబిరానికి మారినవారి జాబితాలో ఆమె కనిపించింది. రెండో వారం నుంచే ఆ పేరు అందులో ఉంది. అంతకాలం ఆమె పేరు ఒక కాగితం మీద, ఆమె ముద్దుపేరు మరో కాగితం మీద ఉండిపోయాయి.

ఏడో వారంలో తల్లి వచ్చింది. అబ్బాయి పరుగెత్తాడు. చిన్నపిల్ల మాత్రం పెద్దావిడ కొంగు వదల్లేదు. తల్లి ఎత్తుకోబోతే ఏడ్చింది. ఆ తల్లి ముఖం నేను మరచిపోలేను. ఇలా జరగవచ్చని ముందే ఆమెకు చెప్పవలసింది, చెప్పలేదు. ఆ రోజే పంపేయకుండా, ఆరు రోజులు తల్లినీ అదే శిబిరంలో ఉంచి, స్నానం, అన్నం, నిద్ర ఒక్కొక్కటిగా ఆమె చేతికి వచ్చేలా చూశాం. పెద్దావిడ ఎంతో సహకరించింది. పాప పిలిచినా వెంటనే రాకుండా, “మీ అమ్మనడుగు తల్లీ” అనడం నేర్చుకుంది. ఆ మాట అన్న ప్రతిసారీ ఆవిడ తల పక్కకు తిప్పుకునేది.

ఆపై మూడుసార్లు వారు చేరిన చోటికి వెళ్లాను. మొదటిసారి పాప రాత్రుళ్లు ఉలిక్కిపడుతోందన్నారు. రెండోసారి అబ్బాయి బడిలో చేరాడు. పదకొండో వారం చివర్లో ఫైలు మూసే ఫారంతో వెళ్లి, ఇక నేను రానని, ఏదైనా అవసరమైతే ఎవరిని కలవాలో తల్లికి వివరించి, ఈ కాగితాలన్నీ తాళం వేసిన బీరువాలో ఉంటాయని అబ్బాయికి చెప్పాను. వాడు మొదటి పేజీ చూపించమన్నాడు. వేలు సరిగ్గా వయసు గడి మీద పెట్టాడు. నేను తల్లి వంక చూశాను.

“పోయిన నెలకు పది నిండాయి” అంది ఆమె.

‘సుమారు 8’ కొట్టేసి, 10 అని రాసి, పక్కన సంతకం పెట్టాను.