మంచైతే మన రక్తం, నచ్చకపోతే అమెరికా గాలి

అమెరికాలోని డాలస్ నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా మల్కాజిగిరిలో అత్తమ్మ వాళ్ళింట్లో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. మా అబ్బాయి లెక్కలు గబగబా చేసేస్తే అది తాత పోలిక. వాడే జుట్టు పెంచుకున్నా, కూచిపూడి నేర్చుకుంటానన్నా అది డాలస్ గాలి. నచ్చినవన్నీ రక్తంలోంచి, నచ్చనివన్నీ పెంపకంలోంచి వచ్చాయనుకోవడం ఇక్కడే కాదు, అక్కడున్న మన తెలుగువాళ్ళకీ అలవాటే. ఈ మాటల మధ్య పిల్లలు నలిగిపోతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు జన్యువుల సంగతి. కవలల మీద యాభై ఏళ్ళపాటు జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2015లో ఒక పెద్ద లెక్క వేశారు, కోటీ నలభై లక్షలకు పైగా కవల జంటల సమాచారం అది. మనుషుల మధ్య కనిపించే తేడాల్లో సగటున 49 శాతం జన్యువుల వల్ల అని తేలింది. అది చూసి మా వాడిలో సగం మేము, సగం అమెరికా అనుకోకూడదు. ఆ అంకె ఒక జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల గురించి చెబుతుంది గానీ ఒక్క పిల్లవాడిని రెండు వాటాలుగా పంచి చూపించదు. పీకేయూ అనే జబ్బు ఉంది. పుట్టుకతో వచ్చిన జన్యు లోపం వల్ల, తిండిలోని ప్రోటీన్లలో ఉండే ఫినైలలనిన్ అనే పదార్థం ఒంట్లో పేరుకుపోయి మెదడు దెబ్బతింటుంది. పుట్టిన కొద్దిరోజుల్లోనే రక్తపరీక్షతో కనిపెట్టి తిండి మారిస్తే ఆ పిల్లలు మామూలుగా ఎదుగుతారు. మరి అది జన్యువుల జబ్బా, తిండి వల్ల వచ్చిందా? ఏ ఒక్కదాన్నీ తప్పించి చెప్పలేం.

ఇక అసలు భయం. "అక్కడి స్కూళ్ళల్ల ఆడో మగో పిల్లల్నే తేల్చుకోమంటరంట గదా" అని అత్తమ్మ అడిగినప్పుడు ఆమె గొంతులో కోపం కన్నా టెన్షనే ఎక్కువగా వినపడింది. ఎవరో నేర్పితే పిల్లలు మారిపోతారేమోనని మా వయసు తల్లుల్లో కూడా చాలామందికి ఇదే బెంగ.

అలా మార్చగలమా అన్నదానికి చాలా బాధాకరమైన కథ ఒకటుంది. డేవిడ్ రైమర్ 1965లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టాడు, కవలల్లో ఒకడు. పసివాడిగా ఉన్నప్పుడు సున్తీ చేయడంలో జరిగిన ప్రమాదంలో అంగం పోయింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో పనిచేసే జాన్ మనీ అనే సైకాలజిస్టు, ఆడా మగా అన్న భావన పెంపకంతోనే వస్తుందని నమ్మేవాడు, ఆడపిల్లగా పెంచమని తల్లిదండ్రులకి సలహా ఇచ్చాడు. ఆపరేషన్ చేశారు, బ్రెండా అని పేరు పెట్టారు, గౌన్లు వేశారు, బొమ్మలు కొనిచ్చారు, నిజం దాచారు. మనీ ఇది విజయమని రాసుకుంటూ పోతే ఆ బిడ్డ మాత్రం లోపల్లోపల నరకం చూసింది. 14 ఏళ్ళ వయసులో తండ్రి నిజం చెప్పగానే మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. 2004లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఒక్క మనిషి కథతో అంతా తేలిపోదు, ఇలాంటి ప్రమాదమే జరిగి, ఆడపిల్లగా పెరిగి, పెద్దయ్యాక కూడా స్త్రీగానే ఉన్న కేసు వైద్య పత్రికల్లో ఉంది. కానీ ఇంటిల్లిపాదీ, డాక్టర్లూ కలిసి అన్నేళ్ళు పెంచినా నాటలేకపోయినదాన్ని స్కూల్లో ఒక పాఠం నాటేస్తుందంటే నేను నమ్మలేను.

ఇంకోటి చూడండి. సీఏహెచ్ అనే జన్యు సమస్యతో పుట్టే ఆడపిల్లలకి కడుపులో ఉండగానే ఆండ్రోజన్లు, అంటే మామూలుగా మగవాళ్ళలో ఎక్కువగా ఉండే హార్మోన్లు, ఎక్కువగా అందుతాయి. వాళ్ళు కార్లు, లారీల బొమ్మల వైపు ఎక్కువ మొగ్గుతారు, అయినా వాళ్ళలో ఎక్కువమంది మేం ఆడపిల్లలమే అంటారు. ఏ ఆట ఇష్టమన్నది వేరు, నేనెవరు అన్నది వేరు, పెద్దయ్యాక ఎవరి మీద మనసు పోతుందన్నది ఇంకా వేరు. ఆ మూడోదాని గురించి 2019లో దాదాపు ఐదు లక్షల మంది జన్యువులు పరిశీలిస్తే, దానికి కారణం ఇదీ అని చెప్పగల ఒకే ఒక్క జన్యువంటూ ఏదీ దొరకలేదు.

ఈ మూడింటినీ కలిపేయడం వల్లే కూచిపూడి అనగానే మావాళ్ళు కంగారు పడ్డారు. ఒకప్పుడు ఆ కూచిపూడిలో ఆడవాళ్ళకి రంగస్థలమే లేదు. సత్యభామ వేషానికి పేరెన్నిక గన్నది వేదాంతం సత్యనారాయణ శర్మ గారు, ఆయనకి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఏది ఆడవాళ్ళ పని, ఏది మగవాళ్ళ పని అన్నది ఇలా కాలంతో మారుతుంది, అది మాత్రం పూర్తిగా చుట్టూ ఉన్న లోకం పనే.

ట్రాన్స్‌జెండర్ మనుషులు అమెరికా నుంచి దిగుమతి అయినవాళ్ళూ కాదు. ఇదే హైదరాబాద్‌లో నిజాం పాలనలో, 1919లో, హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాయించి, ఆడబట్టల్లో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయడానికి ఒక చట్టమే ఉండేది, దాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. మనుషులు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళ బతుకు ఎలా ఉండాలన్నది మాత్రం చట్టం, ఇల్లు, వీధి కలిసి తేల్చాయి.

తల్లిగా నా చేతిలో ఉన్నది ఆ భాగమే అనిపిస్తుంది. మావాడు ఎవరవుతాడో నేను తేల్చలేను, నాట్యం ఇష్టపడినంత మాత్రాన వాడికి ఇప్పుడే ఒక పేరు తగిలించను కూడా. కానీ ఏదైనా చెప్పాలనుకుంటే ముందు నాకే చెప్పేటట్టు ఇల్లు ఉండాలి, అది డాలస్ ఇల్లయినా మల్కాజిగిరి ఇల్లయినా. అందుకే వాడి ముందు "మగపిల్లగానివేనా నువ్వు" అనే మాట అనొద్దని అందరికీ కచ్చితంగా చెప్పాను. అత్తమ్మ ఒప్పుకున్నారని అనను, కానీ అనడం మానేశారు. మామయ్య ఇంకా వాదిస్తున్నారు, రైమర్ కథ ఫోన్లో పంపాను, చదివి మాట్లాడతా అన్నారు.