ఆపరేషన్ ఎవరికి? ఆ మాట ఎత్తే ముందు

రెండో కాన్పు దగ్గర పడేసరికి చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆపరేషన్ కూడా చేయించేస్తున్నారా?" ఎవరికి అని ఎవరూ అడగరు. అడగక్కర్లేదు, అందరికీ తెలిసిందే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ పెళ్ళయిన ఆడవాళ్ళలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ళకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త వేసెక్టమీ, అంటే మగవాళ్ళకు చేసే ఆపరేషన్ చేయించుకున్నాడని చెప్పినవాళ్ళు 0.4 శాతం. దేశం మొత్తమ్మీద ఆ అంకెలు 37.9, 0.3. పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ చేయించుకోవడంలో మనం దేశం కంటే ఎంతో ముందున్నాం, కానీ ఆ ముందంజ అంతా ఆడవాళ్ళ పొట్ట మీదే జరిగింది.

ఈ లెక్క చూపించి "మగవాళ్ళు స్వార్థపరులు" అని తేల్చేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. మగవాడు లేచి వెళ్ళిపోతాడు, లేదా "అన్నిటికీ మమ్మల్నే అంటారు" అని ఎదురు తిరుగుతాడు. మగవాళ్ళ సమస్యలంటే మన దగ్గర కోర్టులు, కేసుల గొడవే ఎక్కువగా నడుస్తుంది. తన ఒంటికి సంబంధించిన భయం గురించి మగవాడు నోరు విప్పే చోటు ఇంట్లోనూ లేదు, ఆస్పత్రిలోనూ లేదు. గర్భిణి ఇంటికి ఆశా వస్తుంది, ఏఎన్ఎం వస్తుంది, ఇద్దరూ ఆడవాళ్ళే. మాట్లాడేది కోడలితో, మహా అయితే అత్తగారితో. మగ ఆరోగ్య కార్యకర్త అనేవాడు ఉన్నా అతని రోజంతా దోమలు, జ్వరాల పనితోనే గడిచిపోతుంది. ఆ ఇంటి మగవాడిని కూర్చోబెట్టి చెప్పినవాడు ఒక్కడూ ఉండడు. చెప్పనిది తెలియలేదని తిట్టడం న్యాయం కాదు.

దీనికి వెనక చరిత్ర కూడా ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగాయి, అందులో దాదాపు 62 లక్షలు మగవాళ్ళకు. బలవంతాలు, టార్గెట్లు, అన్నీ ఉన్నాయి. ఆ దెబ్బతో మగవాళ్ళ జోలికి వెళ్ళడానికి ప్రభుత్వాలు భయపడ్డాయి, బరువంతా ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. ఆ మళ్ళిన దారి చివర 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర శిబిరం ఉంది: కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు, తర్వాత 13 మంది మరణం. 2016 సెప్టెంబరులో, ఆరోగ్య హక్కుల కార్యకర్త దేవికా బిశ్వాస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ శిబిరాల పద్ధతిని మూడేళ్ళలో ఆపేయాలని చెప్పింది. అందుకే పెద్దాయన ఎవరైనా "మగాళ్ళకు ఆపరేషన్ అంటే ఎత్తుకుపోయి చేసేవాళ్ళు" అంటే నవ్వకండి. ఆయన తన కాలంలో జరిగినదే చెబుతున్నాడు.

ఇప్పుడు చేసేది ఆనాటి కోత ఆపరేషన్ కాదు. చైనాలో లి షున్‌చియాంగ్ అనే సర్జన్ 1974లో మొదలుపెట్టిన కోత లేని పద్ధతి 1990ల తొలినాళ్ళలో మన దేశానికి వచ్చింది. బల్ల మీద ఏం జరుగుతుందో వివరంగా తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి చెబుతున్నా. వృషణాల సంచి దగ్గర శుభ్రం చేస్తారు. డాక్టరు మూడు వేళ్ళతో చర్మం కిందుగా వీర్యవాహికను వెతికి పట్టుకుంటారు. చేతికి అది బిరుసైన సన్నటి తాడులా తగులుతుంది. లిగ్నోకైన్ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, ఆ సూది పోటు తెలుస్తుంది. తర్వాత కొసన గుండ్రటి రింగున్న పటకారుతో నాళాన్ని చర్మంతో సహా పట్టి, మొనదేలిన చిన్న పటకారుతో మధ్యలో ఒక్క రంధ్రం చేస్తారు. కత్తి వాడరు. ఆ రంధ్రంలోంచి నాళాన్ని మెలికగా పైకి లాగి, రెండు చోట్ల ముడేసి, మధ్యలో ఓ సెంటీమీటరు ముక్క తీసేస్తారు. కొసలు మళ్ళీ అతుక్కోకుండా మధ్యకు పైపొరను లాగి కడతారు. అదే రంధ్రంలోంచి రెండో పక్క కూడా. లాగేటప్పుడు పొత్తికడుపులో గుంజినట్టు ఉంటుంది, అది మామూలే. కుట్లుండవు, చిన్న గుడ్డ అతికిస్తారు. అంతా పావుగంట, ఇరవై నిమిషాలు. అరగంటో గంటో కూర్చోబెట్టి ఇంటికి పంపుతారు.

ట్యూబెక్టమీలో పొట్ట తెరవాలి. పేగులు, మూత్రాశయం, రక్తనాళాల పక్కనుంచి వెళ్ళి పని చేయాలి. రెండూ మంచి ఆపరేషన్లే, కానీ రెండూ ఒకటే పరిమాణం కాదు.

ఇక భయాలు. "మగతనం పోతుంది" అన్నది మొదటిది, పైకి అనకపోయినా లోపల ఉండేది ఇదే. మగ హార్మోను టెస్టోస్టిరాన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలోకి వెళుతుంది. కట్టేసేది వీర్యకణాలు వెళ్ళే గొట్టాన్ని, రక్తనాళాన్ని కాదు. కోరిక, గట్టిదనం, స్ఖలనం మారవు. వీర్యంలో కణాల వాటా నూటికి 2 నుంచి 5 పాళ్ళే కాబట్టి పరిమాణంలో తేడా కూడా తెలియదు. బయటికి పోని కణాలను ఒళ్ళే పీల్చుకుంటుంది, అవి ఎక్కడా పేరుకుపోవు.

రెండోది "బరువులెత్తలేను, నాకేమన్నా అయితే ఇల్లెలా గడుస్తుంది?" దీన్ని సాకుగా కొట్టెయ్యడం చాలామంది చేసే తప్పు. హమాలీకి, తాపీమేస్త్రీకి, ఆటో నడిపేవాడికి ఇది నిజంగా డబ్బు ప్రశ్న. డబ్బు లెక్కతోనే జవాబివ్వాలి. 48 గంటలు విశ్రాంతి, ఆ తర్వాత తేలిక పని. సైకిలు తొక్కడం, మూటలు మోయడం వారం తర్వాత. అంటే కష్టజీవికి వారం కూలి పోతుంది. మన రాష్ట్రాల్లో వేసెక్టమీకి ఇచ్చే కేంద్ర పథకం సొమ్ము 1,100 రూపాయలు, అది ఆ వారానికి ఏమూలకూ రాదు, ఆ సంగతి ఒప్పుకుందాం. అయితే ట్యూబెక్టమీ తర్వాత ఆవిడ పూర్తి పనిలోకి రావడానికి రెండు వారాలు పడుతుంది. ఆవిడ కూలికి వెళ్ళేదైతే ఆ కూలీ పోతుంది, చంకలో పసిబిడ్డ ఉంటుంది. ఇంట్లో ఆవిడ చేసే పనికి కూలి కట్టరు కాబట్టి ఆ నష్టం ఎవరి లెక్కలోనూ కనపడదు. రెండూ ఒకే కాగితం మీద రాసుకుని చూసుకోండి. వ్యవసాయం ఉన్నవాళ్ళు నాట్లూ కోతలూ లేని వారం చూసుకుంటే మేలు. ప్రభుత్వ ఉద్యోగులకు దీనికోసం విడిగా స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది.

అసలు తేడా వచ్చేది మాత్రం వేరే చోట. ఆపరేషన్ అయిన రోజు నుంచే పని చేస్తుందని అనుకోవడం దగ్గర. ముడి వేసిన చోటుకు పైన ఉన్న నాళంలో, లోపలి వీర్యపు సంచుల్లో అప్పటికే కణాలు నిలవుంటాయి, అవి ఖాళీ కావాలి. మూడు నెలలు నిరోధ్ వాడాల్సిందే, పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. మూడు నెలలయ్యాక వీర్య పరీక్ష చేయించుకోవాలి, కణాలు లేవని తేలాకే ఆపరేషన్ పూర్తయినట్టు. ధ్రువపత్రం కూడా అప్పుడే ఇస్తారు. నొప్పి తగ్గింది, పని అయిపోయింది అనుకుని చాలామంది ఈ పరీక్షకు వెళ్ళరు. ఆ తర్వాత భార్యకు నెల తప్పిందనుకోండి. ఆపరేషన్ చేయించుకున్నది భర్త, నిలదీసేది భార్యని. ట్యూబెక్టమీ విఫలమైతే డాక్టరును తిట్టే ఊరే, వేసెక్టమీ విఫలమైతే ఆవిడ శీలాన్ని అనుమానిస్తుంది. పరీక్షలో కణాలు లేవని తేలాక కూడా, చాలా అరుదుగా, సుమారు రెండు వేలల్లో ఒకరికి నాళం మళ్ళీ అతుక్కుంటుంది. ఈ రెండు సంగతులూ ఆపరేషన్‌కు ముందే భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు నోటితో వినాలి. నా మటుకు నాకు కౌన్సెలింగ్ మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే. అనుమానం వస్తే చేయాల్సింది మళ్ళీ వీర్య పరీక్ష, పంచాయితీ కాదు.

లోపాలు దాచి చెప్పడం మర్యాద కాదు కాబట్టి అవీ చెబుతున్నా. నూటికి ఒకరిద్దరికి లోపల రక్తం గడ్డకట్టడమో, చీము పట్టడమో జరుగుతుంది. నూటికి ఒకరిద్దరికి నెలల తరబడి నొప్పి నిలిచిపోవచ్చు. ఈ రెండోదాన్ని "ఏం కాదు" అని కొట్టిపారేసేవాళ్ళ మాట వినకండి, మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జ్వరం, పెరిగే వాపు, ఆగని రక్తం కనిపిస్తే అదే రోజు వెళ్ళాలి. ఆ చోట గజ్జి, తామర ఉంటే ముందు అది తగ్గాలి. వరిబీజం, హెర్నియా, బోదకాలు వాపు ఉన్నవాళ్ళకు వాయిదా వేస్తారు, లేదా పెద్దాస్పత్రికి పంపుతారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, షుగరుంటే ముందే చెప్పాలి. ఖాళీ కడుపుతో వెళ్ళక్కర్లేదు, తేలిగ్గా తిని వెళ్ళండి. బిగుతైన లోదుస్తు గానీ లంగోటీ గానీ వెంట పట్టుకెళ్ళండి, వారం రోజులు అదే ఊత.

మాట ఎప్పుడు ఎత్తాలి? కాన్పు గదిలో కాదు. రెండో కాన్పుకు ఏడో నెలలోనే, అత్తమామల ముందు కాకుండా ఇద్దరే ఉన్నప్పుడు. "ఏవండీ, ఈసారి ఆపరేషన్ మీరు చేయించుకుంటే?" అని ఆవిడ అడిగితే నిష్ఠూరంలా వినపడుతుందేమోనని చాలామంది మింగేస్తారు. అందుకని మొదలుపెట్టే బాధ్యత మగవాడిదైతే బాగుంటుంది: "నా వల్ల అవుతుందేమో ఓసారి డాక్టరును అడిగొద్దామా?" ఇందులో మాటివ్వడం లేదు, తెలుసుకోవడం మాత్రమే ఉంది. వినేవాళ్ళు కూడా "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందా" అనకూడదు. "నేను రెండు కాన్పులు పడ్డాను, నువ్వు ఇరవై నిమిషాలు పడలేవా" అన్న వాదనలో న్యాయం ఉంది, కానీ భయపడుతున్న మనిషికి అది ఎత్తిపొడుపుగానే తగులుతుంది. అబ్బాయి తల్లి అడ్డుపడితే జవాబు కొడుకే చెప్పాలి, కోడలు కాదు.

ఒక మినహాయింపు. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. రెండోసారి కూడా సిజేరియన్ తప్పదన్నప్పుడు, పొట్ట ఎలాగూ తెరుస్తారు కాబట్టి ట్యూబులు అప్పుడే కట్టేయడం కొన్ని నిమిషాల అదనపు పనే. అది సబబైన కారణం, అక్కడ సమానత్వం పేరుతో పట్టుబట్టక్కర్లేదు. ఆవిడను ముందే అడిగారా, లేక బల్ల మీద పడుకోబెట్టాక సంతకం పెట్టించారా అన్నది చూడాలి. పాతికేళ్ళు నిండకుండానే ఆపరేషన్ అయిపోయినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. బిడ్డ ఇంకా నెలల పిల్లైతే, మనసు గట్టిపడకపోతే, కాపర్-టీ లాంటిది వేయించుకుని ఆగడం మేలు. వేసెక్టమీని తిరగేసే ఆపరేషన్ ఉంది గానీ ఫలితానికి హామీ లేదు, ఏళ్ళు గడిచేకొద్దీ అవకాశం తగ్గుతుంది.

ప్రభుత్వ నిబంధనల ప్రకారం మగవాడికి పెళ్ళయి ఉండాలి, వయసు 60 లోపు, ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒకరు ఉండాలి. భార్య సంతకం అవసరం లేదు. ట్యూబెక్టమీకి భర్త సంతకం కూడా అవసరం లేదు, అది అడిగే ఆస్పత్రులు ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా మగవాళ్ళ ఆపరేషన్లకు పేరు పడింది, కాబట్టి మనవాళ్ళు ఒప్పుకోరన్న మాట నిజం కాదు. ఏటా నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు వేసెక్టమీ పక్షోత్సవం జరుగుతుంది, మొదటి వారం ప్రచారం, రెండో వారం ఆపరేషన్లు. పురుషుల దినోత్సవం నవంబరు 19న, దానికి రెండు రోజుల ముందే. పక్షోత్సవం దాకా ఆగక్కర్లేదు, ఈ పద్ధతిలో శిక్షణ పొందిన డాక్టరు ఏ రోజున ఉంటారో జిల్లా ఆస్పత్రిలో కనుక్కుని వెళ్ళొచ్చు. వెళ్ళిన రోజునే మూడు నెలల తర్వాతి పరీక్ష తేదీ రాయించుకుని, ఆ చీటీ ఇద్దరికీ కనిపించే చోట పెట్టుకోండి.