ఏడాది గడువు

ఆదివారం.

భోజనాలయ్యాక 'ఏక్ దూజే కే లియే' పెట్టాను. పక్కనే దాని తెలుగు మూలం 'మరో చరిత్ర'. ఇందులో ఓ ఘట్టం, ఆపి అందులో అదే ఘట్టం. ఇలా చూస్తే కథ ఎలాగూ ముందే తెలిసిపోతుంది కాబట్టి, కళ్లు కట్టుబడి మీద పడతాయి.

చూసేవాళ్లకి ఒక మాట: సబ్‌టైటిల్స్ ఆపేయండి. హిందీ సినిమాలో ప్రేమికులు వాసు, సప్నా. వాసు తమిళాన్నీ, సప్నా హిందీనీ ఒకే ఇంగ్లీషులోకి దించేస్తాయవి. ఆ ఇద్దరికీ లేని సౌకర్యం మనకి దొరికితే, వాళ్లు సైగలతో పడే పాట్లలో రుచి ఉండదు. హిందీ రాదని బెంగ అక్కర్లేదు, వాసుకీ రాదు.

1978 నాటి తెలుగు సినిమా బ్లాక్ అండ్ వైట్. విశాఖ, భీమిలి సముద్రం, తమిళ కుర్రాడు బాలు, తెలుగమ్మాయి స్వప్న. తమిళనాడులో డబ్బింగ్ కూడా లేకుండా తెలుగులోనే ఆడింది. 1981లో దాన్ని ఎల్.వి. ప్రసాద్ హిందీలో నిర్మించారు. దర్శకుడు మళ్లీ బాలచందరే. కమల్ హాసన్, మాధవి అలాగే ఉండిపోయారు, సరిత చేసిన పాత్ర రతి అగ్నిహోత్రికి వెళ్లింది. రంగులొచ్చాయి.

ఇంత విజయవంతమైన కథని ఉన్నదున్నట్టు తిరగరాసుకుంటే చాలనిపిస్తుంది. కుదరదు. ఉత్తరాది ప్రేక్షకుడికి తమిళమైనా తెలుగైనా 'మద్రాసీ'యే. బాలుకీ స్వప్నకీ మధ్య గోడ ఉందని వాళ్లకి చెప్పినా చెవికెక్కదు. అందుకని అబ్బాయిని తమిళుడిగానే ఉంచి, అమ్మాయిని హిందీ ఇంట్లో పుట్టించారు. దాంతో ఇంకో చిక్కు: ఈ రెండు కుటుంబాలూ పక్కపక్క ఇళ్లలో ఎక్కడుంటాయి? మద్రాసైతే అమ్మాయివాళ్లు పరాయివాళ్లు, ఢిల్లీ అయితే అబ్బాయివాళ్లు. అందుకే కథని గోవాకి మార్చారు. అక్కడ ఎవరికీ 'మా ఊళ్లో...' అని మొదలుపెట్టే హక్కు లేదు. ఇద్దరూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే, అయినా గోడకి ఇటూ అటూ నిలబడి తిట్టుకుంటారు. విశాఖలో స్వప్నవాళ్లది సొంతగడ్డ గనక వాళ్ల కోపానికి కాస్త స్థానబలం ఉంది. గోవాలో ఆ బలం కూడా లేని కోపం ఇంకా హాస్యాస్పదంగా, ఇంకా నిజంగా కనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో హిందీదే పైచేయి అంటాను. పోయిందీ ఉంది. తెలుగువాళ్ల చెవికి తమిళం సగం తెలిసీ సగం తెలియనట్టుంటుంది. ఆ సగం దగ్గరే 'మరో చరిత్ర'లో చిలిపితనమంతా. హిందీకీ తమిళానికీ మధ్య ఆ సందు లేదు.

లిఫ్టు పాట దగ్గర చాలాసేపు ఆగాను. భాష రాని కుర్రాడు అమ్మాయిని బతిమాలాలి, నోట్లో ఉన్న సరుకు సినిమా పేర్లు మాత్రమే. తెలుగులో 1961 నాటి 'కలసి ఉంటే కలదు సుఖం', 1968 నాటి 'కలిసొచ్చిన అదృష్టం' వరసగా వచ్చి అర్థమిస్తాయి. దీన్ని అనువదించడం ఎవరి తరమూ కాదు. హిందీలో పాటల రచయిత ఆనంద్ బక్షీ 'మేరే జీవన్ సాథీ', 'ప్యార్ కియే జా', 'జవానీ దివానీ' అంటూ వేరే పేర్లతో మొదట్నుంచీ అల్లుకోవాల్సి వచ్చింది. పేరు తాళంలో ఒదగాలి, పక్క పేరుతో కలిస్తే బతిమాలినట్టుండాలి, హాల్లో కూర్చున్నవాడికి అది సినిమా పేరని ఠక్కున తట్టాలి. మూడోది తప్పితే మొదటి రెండూ దండగ.

గొంతు విషయానికొస్తే, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చేత పాడించడానికి సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మొదట సందేహించారంటారు. ఆ పాత్రకి అసలు హిందీయే రాదు కదా అని బాలచందర్ వాదన. వాదన గట్టిదే: వాసు నోట పుట్టు హిందీవాడి ఉచ్చారణ పలికితే కథ అక్కడే చెడేది. 'తేరే మేరే బీచ్ మే' పాటకి బాలసుబ్రహ్మణ్యంగారికి జాతీయ అవార్డు వచ్చింది.

ఇక ఏడాది గడువు. పెద్దల షరతు ఏమిటంటే ఒక సంవత్సరం కలుసుకోకూడదు, మాట్లాడుకోకూడదు, ఉత్తరాల్లేవు. ఆ తర్వాత కూడా ఒకరికొకరు కావాలంటే పెళ్లి. పెద్దలు చేతికి కర్ర తీసుకోరు, క్యాలెండరిస్తారు. వాసు హైదరాబాద్ వెళ్లి ఉత్తరాలు రాస్తాడు, పోస్టు చేయడు. ఈ షరతులో ఉన్న అసలు విషం నెమ్మదిగా తెలుస్తుంది: చెవిన పడ్డది నిజమో కాదో కనుక్కునే దారి కూడా ఇది మూసేసింది. అందుకే రాకేశ్ బేడీ పోషించిన చక్రం, సప్నా తనని చేసుకోవడానికి ఒప్పుకుందని వాసుతో చెప్పిన ఒక్క అబద్ధం అంత దూరం వెళ్లింది. మామూలు రోజుల్లో అయితే ఒక్క కార్డు ముక్కతో తేలిపోయేది. కథనంలో ఇంత పకడ్బందీగా బిగించిన ముడి మరొకటి లేదు.

ముగింపు దగ్గర నాకు పేచీ ఉంది. అప్పటికి వాసు హిందీ నేర్చుకున్నాడు, గడువు గడిచింది, పెద్దలు మెత్తబడ్డారు. అడ్డంకి అయిపోయింది. అయినా ఇద్దరూ చావాలి కాబట్టి చావు బయటినుంచి రావాల్సి వచ్చింది. చక్రం మాట నమ్మి వాసు పెళ్లాడతానన్న సంధ్య ఉంది కదా, వాసు మీద ఆమె అన్నయ్య మనుషుల దాడికి కారణముంది, చెల్లెలికి మాటిచ్చి తప్పాడన్న కక్ష. సప్నా మీద అత్యాచారానికి మాత్రం ఇప్పటిదాకా చూసిన పోరుతో ఏ సంబంధమూ లేదు. రెండూ ఒకే వేళకి రావడం విధి అనుకోమంటారు గానీ, నాకు రచయిత చెయ్యే కనిపించింది.

ఈ రెండు సినిమాల్లోనూ ఎవరూ పట్టించుకోని మనిషి సంధ్య. హిందీలో వితంతువు, వాసుకి హిందీ నేర్పుతుంది, అతను కోపంలో పెళ్లంటే సరేనంటుంది. సంగతి తెలిశాక తనే గోవా వెళ్లి విచారించి, అపార్థం విప్పి, తప్పుకుంటుంది. షరతు మూసేసిన ఆ దారిని కథలో తెరిచింది ఆమె ఒక్కతే. ఆమెకి ఒక పాటైనా మిగిల్చి ఉంటే బాగుండేది.