తలకింత పన్ను, నాకైతే న్యాయమే అనిపించింది

2018 నవంబర్‌లో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ ఊళ్ళో మెజర్ పీ అని ఒక పన్ను ప్రతిపాదన ఓటర్ల ముందుకి, బ్యాలట్ మీదకొచ్చింది కదా, కంపెనీలో ఎంతమంది పనిచేస్తే దాన్నిబట్టి పన్ను. అంతకుముందు చాలా బిజినెస్‌లు కట్టేది ఏడాదికి 30 డాలర్లే, ఇదెక్కడి లెక్కండీ? పొద్దున్నే 101 హైవే దిగి షోర్‌లైన్ బులెవార్డ్ మీదకొస్తే కార్లు అంగుళం అంగుళం కదుల్తుంటాయి, పక్కనే కంపెనీ బస్సులు కూడా ఇరుక్కుపోయి, మరి ఆ రోడ్లకి డబ్బు ఎవరివ్వాలి, అంతమందిని తెచ్చుకున్నవాళ్ళే కదా. వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ట్రాన్స్‌పోర్టేషన్‌కి, కొంత ఇళ్ళకి అన్నారు. జనం భారీ మెజారిటీతో గెలిపించారు, 2020లో అమల్లోకొచ్చింది. అదే ఏడాది, అంటే 2018లో, సియాటెల్‌లో పెద్ద కంపెనీలకి మనిషికి 275 డాలర్లని కౌన్సిల్ పాస్ చేసి నెల తిరక్కుండానే రద్దు చేసేసింది, నాకు చాలా బాధేసింది. ఇక్కడ నేరుగా ఓటర్లనే అడిగారు, పైగా చిన్న షాపుకి రేటు బాగా తక్కువ, మనుషులు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.